ప్రశ్న వేసినవాడు పరాయివాడా?



తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత మనందరికీ తెలుసు. అయితే దీన్ని మనం ఎప్పుడూ ఎదుటివారి మీదనే వాడతాం. మన చేతిలో ఉన్న కుందేలుకు నాలుగో కాలు ఉందేమో చూద్దామని మనంతట మనం వంగి చూసిన రోజులు ఎన్ని? మన పక్షంవాడే ఒకడు లేచి "నాలుగో కాలు నాకు కనిపిస్తోంది" అంటే అతణ్ణి ఏం చేస్తాం? ఈ వారం ఈ సంగతి మీతో పంచుకోవాలని ఉంది. ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి దాన్ని దాచకుండా చెబుతాను.

నేను ముప్పైరెండేళ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా మేనకోడలు, ఆమె భర్త హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మూడేళ్ల క్రితం వాళ్లు తమ కొడుకును రెండో తరగతి మధ్యలో బడి మాన్పించారు. ఫీజు కట్టలేక కాదు, పిల్లవాడికి చదువు రాక కాదు. బడి లేకుండానే పిల్లలు నేర్చుకుంటారని వాళ్లు నమ్మారు. దీన్ని 'అన్‌స్కూలింగ్' అంటారు. ఇంట్లోనే బల్ల వేసి, గంట కొట్టి పాఠాలు చెప్పడం కూడా ఇది కాదు. పాఠ్యపుస్తకం, టైం టేబులు, పరీక్ష ఏవీ ఉండవు. పిల్లవాడికి దేనిమీద ఆసక్తి పుడితే చదువు దాని వెంట నడుస్తుంది. కూరగాయల బండి దగ్గర లెక్కలు, వంటింట్లో కొలతలు, మేడమీద చుక్కలు. పిల్లవాడు అడిగినప్పుడు పెద్దలు సాయపడతారు, అడగనప్పుడు పక్కకు తప్పుకుంటారు.

బడిపంతులునైన నాకు ఈ మాట మింగుడుపడలేదని వేరే చెప్పనక్కరలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంటుంది. ఇంటి దగ్గరే చదివించుకునేవారి గురించి అందులో విడిగా ఏమీ లేదు. ఇలాంటి పిల్లలు 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాసుకోవచ్చు.

ఈ దారి పట్టిన కుటుంబాలు పది పన్నెండు కలిసి నెలకొక ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాయి. పిల్లలు ఒక గదిలో ఆడుకుంటారు, పెద్దలు మరో గదిలో చర్చించుకుంటారు. "మామయ్యా, ఒక్కసారి వచ్చి వినండి. తరువాత తిడుదురుగాని" అని మా మేనకోడలు పిలిచింది. వెళ్లాను. ఆ సాయంత్రం ఆ గదిలో మూడు ప్రశ్నలు వినిపించాయి.

మొదటి ప్రశ్న నాది. "రేపు మీవాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే, చదివిన బడి పేరు అన్నచోట ఏమి రాస్తాడు?" అన్నాను. వాళ్లు నవ్వారు. ఓపెన్ స్కూలు సంగతి ఓపికగా చెప్పారు. నిజం చెప్పాలంటే నేను ఆ జవాబు వినలేదు. వాళ్లు మాట్లాడుతుండగా నేను రెండో బాణం వెతుక్కుంటున్నాను. నాకు కావలసింది సమాధానం కాదు, వాళ్లు తడబడటం.

రెండో ప్రశ్న ఒక కుటుంబంతో అతిథిగా వచ్చిన పెద్దావిడది. ఆమె రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పొలం పనుల నుంచి పిల్లల్ని తప్పించి బడికి పంపే పనిలో ఏళ్లు గడిపింది. ఆ జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో మొదలుపెట్టిన పని సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. ఆ పెద్దావిడ నెమ్మదిగా ఇలా అడిగింది: "మీ పిల్లవాడు బడి మానితే ఇంటినిండా పుస్తకాలున్నాయి. మా పల్లెలో పిల్ల బడి మానితే పత్తి చేలోకి పోతుంది. బడి అనవసరమని మీరు అంటున్న మాట ఆ పిల్ల తండ్రి చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించారా?" దానికి ఒకాయన "అది వేరే సమస్యండీ, ఇక్కడ మనం మాట్లాడుకునేది దాని గురించి కాదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె తల ఊపి ఊరుకుంది.

మూడో ప్రశ్న ఆ బృందంలోని ఒక తల్లిది. ఆమె మొదటినుంచీ వాళ్లతో ఉన్న మనిషి. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది: "మావాడికి తొమ్మిదేళ్లు నిండాయి. ఇంకా అక్షరాలు కూడబలుక్కోలేకపోతున్నాడు. ఆసక్తి పుట్టేదాకా ఆగమన్నారు, ఆగాను. ఇంకా ఎన్నాళ్లు ఆగాలి? ఆగడం తప్పయితే ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది?"

గది ఒక్కసారి మారిపోయింది. నా ప్రశ్నకు నవ్వినవాళ్లు, పెద్దావిడ ప్రశ్నకు మర్యాదగా పక్కకు జరిగినవాళ్లు ఈ ప్రశ్నకు మాత్రం ముఖాలు బిగించారు. "మీలోంచి బడి ఇంకా పోలేదు" అన్నారొకరు. "పిల్లవాడి మీద నమ్మకం ఉంచాలి" అన్నారు మరొకరు. ఇంకొకాయన నా వైపు ఓరగా చూసి "ఇలాంటివి కొత్తవాళ్ల ముందు ఎందుకు?" అన్నాడు. ఆ తల్లి చిన్నగా నవ్వి, లేచి, టీ కప్పులు సర్దడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. తరువాతి నెల ఆమె రాలేదని మేనకోడలు చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట ఆ బృందం మీద కోపం వచ్చింది. స్వేచ్ఛ అంటారు, ఒక తల్లికి ప్రశ్నించే స్వేచ్ఛ లేదా అనుకున్నాను. తెల్లవారేసరికి ఆ కోపం నా వైపు తిరిగింది. ఆయన ఆమెను ఆపింది ఎందుకు? కొత్తవాళ్ల ముందు వద్దన్నాడు. ఆ కొత్తవాణ్ణి నేనే. నేను గెలవడానికి వచ్చానని వాళ్లకు నా మొదటి ప్రశ్నలోనే తెలిసిపోయింది. గుమ్మంలో శత్రువు నిలబడి ఉంటే ఇంట్లోవాళ్లు గోడలోని పగులు గురించి మాట్లాడుకోరు. ఆ తల్లి నోటికి తాళం వేసింది ఆ బృందమే అయినా, తాళం చేతికి అందించినవాణ్ణి నేను.

పాఠకులారా, ఇది ఒక్క బడి సంగతి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. బయటినుంచి ఎగతాళి ఎంత పెరిగితే లోపల నిజాయితీగా సందేహించేవాడి గొంతు అంత నొక్కుకుపోతుంది. అందుకే ఎదుటి పక్షాన్ని ప్రశ్నించేటప్పుడు ఒక సంగతి మరువకూడదు. మన ప్రశ్న అక్కడి మొండివాణ్ణి మరింత మొండివాణ్ణి చేస్తుందా, లేక సందేహంలో ఉన్నవాడికి నోరు తెరిచే చోటిస్తుందా?

ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినవారి చరిత్ర తరువాత కొంత చదివాను. అన్‌స్కూలింగ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది జాన్ హోల్ట్ అనే అమెరికా ఉపాధ్యాయుడు. పిల్లలు బడిలో ఎందుకు విఫలమవుతారో పరిశీలించి 1964లో పుస్తకం రాశాడు. చాలా ఏళ్లు బడులను బాగుచేయవచ్చనే నమ్మాడు. ఆ నమ్మకాన్ని తానే ప్రశ్నించుకుని, 1977లో బోస్టన్ నుంచి ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రికలో పెద్ద భాగం తల్లిదండ్రుల ఉత్తరాలే. 1981లో రాసిన పుస్తకంలో, ఇంటి చదువు మీద జనం చేసే ఆక్షేపణలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఎదుటివారి ప్రశ్నలను తన పుస్తకంలోకే పిలిచి కూర్చోబెట్టాడన్నమాట.

బడులు లేని సమాజం గురించి 1971లో సంచలన గ్రంథం రాసిన ఇవాన్ ఇల్లిచ్ మనకు మరికాస్త దగ్గరివాడు. ఆయన 1951లో అభిషేకం పొందిన కతోలిక గురువు. న్యూయార్క్‌లో పోర్టోరికో వలస కుటుంబాల విచారణలో సేవచేశాడు. తరువాత మెక్సికోలో ఒక అధ్యయన కేంద్రం నడిపాడు. 1969లో గురుత్వ బాధ్యతల నుంచి వైదొలగాడు. ఆయన చెప్పినవన్నీ మనం ఒప్పుకోనక్కరలేదు. అయితే పుస్తకం వెలువడి, అభిమానులు చప్పట్లు కొడుతున్న రోజుల్లోనే ఆయన తన వాదాన్ని తానే ప్రశ్నిస్తూ మరో వ్యాసం రాశాడు. బడుల తలుపులు మూసినంత మాత్రాన సరిపోదని, అప్పుడు లోకమంతా ఒక పెద్ద తరగతి గదిగా మారిపోయే ప్రమాదం ఉందని హెచ్చరించాడు. పెద్దలు తమను తాము ప్రశ్నించుకుంటూ నడిచిన బాట ఇది. ఆ బాటలో వెనుక నడిచేవారికి ప్రశ్న అంటే భయమెందుకు?

మనమూ తక్కువ తినలేదు. బిడ్డల చదువుకు తల్లిదండ్రులే మొదటి బాధ్యులని రెండవ వాటికన్ మహాసభ 1965లో విద్యపై వెలువరించిన పత్రంలో చెప్పింది. మేనకోడలు ఆ మాటే నాకు చూపించింది. అదే పత్రం బడికి ఉన్న ప్రత్యేక ప్రాముఖ్యాన్నీ చెప్పింది. ఆ మాట నేను ఆమెకు చూపించాను. చెరొక సగం పట్టుకుని ఇద్దరం పూర్తి పత్రం చదివామనుకున్నాం.

చరిత్రలో ఇంకొక విచిత్రం ఉంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1922లో పిల్లలందరూ ప్రభుత్వ బడులకే వెళ్లాలని చట్టం చేసింది. మఠకన్యలు నడిపే ఒక విద్యాసంస్థ కోర్టుకెక్కింది. పిల్లలు ప్రభుత్వపు సొత్తు కాదని, వారి చదువును నడిపించే హక్కు తల్లిదండ్రులకు ఉందని 1925లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. బడిని కాపాడుకోవడానికి మఠకన్యలు గెలిచిన ఆ తీర్పునే, తరువాతి కాలంలో బడి వద్దనే తల్లిదండ్రులు తమకు అండగా చూపించుకున్నారు. ఎదుటి పక్షమని మనం అనుకునేవాళ్ల కాళ్ల కింద ఉన్న నేల ఒక్కోసారి మన పెద్దలు చదును చేసిందే!

మరి మంచి ప్రశ్నకూ చెడ్డ ప్రశ్నకూ తేడా ఎలా తెలుస్తుంది? మాటల్లో తెలియదు. నేను అడిగిన ప్రశ్నలో ఒక్క అమర్యాదకరమైన మాట లేదు. అయినా అది ఉచ్చు. ఆ తల్లి ప్రశ్నలో నిష్ఠూరం ఉంది. అయినా అది నిజమైన ప్రశ్న. జవాబు వస్తే అడిగినవాడు మారడానికి సిద్ధంగా ఉన్నాడా అన్నదే కొలత. మారడానికి సిద్ధపడని ప్రశ్న, ప్రశ్న గుర్తు తగిలించుకున్న తీర్పు మాత్రమే.

పునీత తోమాసు అక్వినాసు వారి గ్రంథాన్ని తెరిచి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఏ విషయం ఎత్తుకున్నా తన అభిప్రాయం ముందు చెప్పరు. తనకు వ్యతిరేకంగా ఏమేమి చెప్పవచ్చో వాటిని ముందు పెడతారు. దేవుడు ఉన్నాడా అన్న చోట కూడా, లోకంలో చెడు ఉంది కదా అన్న ఆక్షేపణతోనే మొదలుపెడతారు. ఎదుటివాడు తానుగా చెప్పుకున్నా అంత చక్కగా చెప్పుకోలేడేమో అన్నంత న్యాయంగా చెప్పి, ఆ తరువాతే జవాబిస్తారు. ఎదుటివాడి మాటను అతడే మెచ్చుకునేలా ముందు మనం చెప్పగలగాలి. అది చేతకానివాడికి ఖండించే అర్హత ఇంకా రాలేదని అర్థం. ఆ కొలతతో చూసుకుంటే నాకు ఆ సాయంత్రం నోరు తెరిచే అర్హత లేదు.

వారం తరువాత మేనకోడలి ఇంటికి వెళ్లాను. ఈసారి నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడిగాను. "అమ్మా, వాడు బడికి వెళ్లే రోజుల్లో అసలేం జరిగింది?" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. ప్రతి ఆదివారం రాత్రి పిల్లవాడు పక్క తడిపేవాడట. సోమవారం పొద్దున్న తిన్నదంతా కక్కేసేవాడట. మూడేళ్లుగా ఆ ఇంటికి వచ్చిపోతున్న నాకు ఈ సంగతి తెలియదు. ఎందుకంటే నేను ఎన్నడూ అడగలేదు. వాదించాను, అంతే.

అప్పుడు ఆమె నన్నొక ప్రశ్న అడిగింది. "మామయ్యా, చదవడం రాని పిల్లలు మీ తరగతిలోనూ ఉండేవారు కదా. వాళ్లను మీరు ఏం చేసేవారు?"

జవాబు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఒక కుర్రవాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఏడాది పొడుగునా మొద్దబ్బాయి అని పిలిచాను. లెక్కలు నోటితో గబగబా చెప్పేవాడు. పుస్తకం తెరిస్తే చెమటలు పట్టేవి. వాడి తల్లి ఒకరోజు వచ్చి "అయ్యా, మావాడికి తెలివి ఉంది, చదువు మాత్రం ఎందుకు రావడం లేదు?" అని అడిగింది. "ఇంట్లో శ్రద్ధ పెట్టండి" అని పంపేశాను. స్టాఫ్ రూములో ఆ ప్రశ్న ఎత్తిన ఒక టీచరమ్మను మేమందరం కలిసి నవ్వుతూ ఊరుకోబెట్టాం. కొన్ని అక్షరాలు కొందరి కళ్లముందు నిలవవని, అది సోమరితనం కాదని నేను తెలుసుకున్నది చాలా ఆలస్యంగా. ఇప్పుడు మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి అభ్యసన లోపాలను కూడా గుర్తించింది. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు.

బడి లేని చోట ఆ తల్లికి దొరికిన జవాబూ, బడి ఉన్న చోట ఈ తల్లికి దొరికిన జవాబూ ఒక్కటే. ప్రశ్న మంచిది కాదు, నమ్మకం ఉంచు, ఇంటికి వెళ్లు. రెండు పక్షాలూ తమ కుందేలుకు మూడే కాళ్లన్నాయి. ఆ మూడు కాళ్ల కుందేలుతో కుంటింది మాత్రం పసివాళ్లు.

అమెరికాలో 1972లో మరొక తీర్పు వచ్చింది. ఎనిమిదో తరగతి దాటాక తమ పిల్లల్ని బడికి పంపబోమన్న ఆమిష్ మతస్థుల పక్షాన సుప్రీంకోర్టు నిలిచింది. అందులో డగ్లస్ అనే న్యాయమూర్తి కొంత భిన్నాభిప్రాయం రాశారు. తల్లిదండ్రుల మాట విన్నాం, ప్రభుత్వం మాట విన్నాం, మరి పిల్లలకు ఏమి కావాలో వారిని అడగవద్దా అన్నది ఆయన వాదన సారాంశం. ఆ సాయంత్రం మా పక్క గదిలో పదిహేనుమంది పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ల గురించి రెండు గంటలు పోట్లాడుకున్నాం. తలుపు తీసి ఒక్కణ్ణయినా అడిగినవాళ్లు లేరు.

ఆ తరువాత మేనకోడలూ నేనూ కలిసి ఆ తల్లి ఇంటికి వెళ్లాం. సలహా ఇవ్వడానికి కాదు, ఆమె ప్రశ్న పూర్తిగా వినడానికి. పిల్లవాణ్ణి వైద్యులకు చూపించారు. డిస్‌లెక్సియా అన్నారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ప్రత్యేక శిక్షకురాలి దగ్గరకు వెళుతున్నాడు. బడిలో చేరలేదు. నెమ్మదిగా, వేలు పెట్టి, ఒక్కొక్క మాటే చదువుతున్నాడు. ఈ కథ బడి గెలిచిందని చెప్పదు, బడి ఓడిందనీ చెప్పదు. ఆ ప్రశ్న ఏడో ఏటనే ఎవరైనా విని ఉంటే వాడికి రెండేళ్లు మిగిలేవి. అంతవరకే నేను చెప్పగలను.

మరి పత్తి చేలో పిల్ల గురించి ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న? దానికి ఆ బృందం ఇంకా జవాబు వెతుక్కోవాలి. మేనకోడలు మొన్న నాతో అంది: "దానికి నా దగ్గర సమాధానం లేదు మామయ్యా. కానీ అది వేరే సమస్య అని మాత్రం ఇక అనను." ముప్పైరెండేళ్ల సర్వీసులో ఇంతకంటే నిజాయితీగల జవాబు నేను దిద్దిన పేపర్లలో చూడలేదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, మన విచారణ సభలోనూ, మహిళా సంఘంలోనూ, యువజన సంఘంలోనూ, చివరకు రాత్రి భోజనాల దగ్గరా ఎవరో ఒకరు ఇబ్బందికరమైన ప్రశ్న అడుగుతూనే ఉంటారు. వెంటనే వారి విశ్వాసాన్నీ విధేయతనూ శంకిస్తాం. పునీత తోమాసు తన సోదర శిష్యుల మాట నమ్మలేదు. ఆ మాట వారి ముఖంమీదే చెప్పాడు. అయినా ఎనిమిది రోజుల తరువాత తలుపులు వేసి ఉన్న ఆ గదిలో ఆయన వారితోనే ఉన్నాడని సువిశేషం చెబుతోంది. వాళ్లు ఆయనను వెళ్లగొట్టలేదు, ఆయన విడిచి వెళ్లలేదు. ఆ ఎనిమిది రోజులూ వారు ఒకరినొకరు ఎలా భరించారో సువిశేషం చెప్పదు. కానీ ప్రభువు వచ్చేసరికి ప్రశ్న అడిగినవాడు గదిలోనే ఉన్నాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఎవరైనా అలాంటి ప్రశ్న వేస్తే, జవాబు చెప్పడానికి తొందరపడకండి. ముందు వారిని కూర్చోమనండి. టీ కప్పులు మీరు సర్దండి.